ఊపిరితిత్తిలో నీరు: జంతుప్రయోగాలు చెప్పినదేమి, మనం విన్నదేమి?

ఇల్లందుకు బొగ్గుట్ట అని మరొక పేరు. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఈ ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. 1889లో తవ్వకం ప్రారంభమైనది. గనిలో రాతిని పగలగొట్టడానికి మందు పేల్చినప్పుడు ఒక్కొక్కసారి నత్రజని ఆక్సైడులు ఎర్రని గోధుమరంగు పొగగా లేస్తాయి. ఈ పొగ పీల్చినవానికి అప్పటికప్పుడు కొంచెం దగ్గు, గొంతులో మంట తప్ప మరేమీ తోచకపోవచ్చు. ఇంటికి పోయి, అన్నం తిని పడుకుంటాడు. కొన్ని గంటలు గడిచిన తరువాత ఊపిరి ఆడదు. దగ్గితే నురుగు వస్తుంది. గనులకు అవతల, భద్రాచలం అడవి వైపున, ఫాల్సిపారం మలేరియా ముదిరిన రోగికి కూడ ఇదే అవస్థ కలుగవచ్చు. కారణాలు వేరు. కాని రెండు సందర్భాలలోను ఊపిరితిత్తిలోనికి నీరు చేరుతుంది.

ఇక్కడ ఒక అపోహను ముందుగా తొలగించాలి. “ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, డాక్టరు సూదితో తీశాడు” అని జనం చెప్పుకొనే జబ్బు ఇది కాదు. ఆ నీరు ఊపిరితిత్తికి, రొమ్ముగోడకు మధ్య ఉన్న సందులో చేరినది. దానిని సూదితో తీయవచ్చు. ఇప్పుడు మనం చెప్పుకొనే నీరు ఊపిరితిత్తి కణజాలంలోనే, స్పంజిలో నీరు ఇంకినట్లు, ఇంకి ఉంటుంది. దానిని తీయడానికి సూది పనికిరాదు.

మన ఊపిరితిత్తులలో ముప్పది నుండి ఏబది కోట్ల దాకా వాయుగోణులు ఉన్నవి. ఒక్కొక్క వాయుగోణి చుట్టు రక్తకేశనాళికలు అల్లుకొని ఉంటాయి. గాలికి, రక్తానికి నడుమ ఉన్న పొర మందం చాలచోట్ల ఒక మైక్రాను కూడ ఉండదు. మామూలుగా కూడ రక్తనాళాల నుండి కొద్ది ద్రవం ఊరుతూనే ఉంటుంది; రసనాళాలు దానిని ఎప్పటికప్పుడు తోడివేస్తాయి. రక్తపీడనం పెరిగినా, పొర చిల్లులు పడినా ఊట ఎక్కువై తోడకం చాలదు. నీరు మొదట రక్తనాళాల చుట్టు ఉన్న సందులలో నిలుస్తుంది. అవి నిండిన తరువాత వాయుగోణులలోనికి పొర్లుతుంది. ఈ వరుసను 1967లో స్టాబ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు కుక్కల ఊపిరితిత్తులలో చూపించారు. వాయుగోణి నీటితో నిండితే దాని పక్కగా పోయే రక్తానికి ఆమ్లజని, అనగా ఆక్సిజన్, అందదు.

అటువంటి రోగికి గొట్టంద్వారా గాలిని నెట్టే శ్వాసయంత్రం, అనగా వెంటిలేటర్, పెడతారు. ఎంత గాలి నెట్టాలి? ఎంత ఒత్తిడితో? ఊపిరి విడిచిన తరువాత కూడ ఊపిరితిత్తిలో కొంత ఒత్తిడి మిగల్చాలా? దీనిని డాక్టర్లు పీప్ అంటారు. మనం అడుగుపీడనం అందాము. ఈ ప్రశ్నలకు జవాబు వెదకడానికి గత ఏబది అరవై సంవత్సరాలుగా ఎలుకలలో, కుందేళ్ళలో, కుక్కలలో, గొర్రెలలో, పందులలో కావాలని ఊపిరితిత్తికి నీరు పట్టించి యంత్రంతో చికిత్స చేసి చూస్తున్నారు. “జంతువులలో సఫలమైనది” అన్న వాక్యం పత్రికలలో మనం తరచు చదువుతాము. ఆ సాఫల్యాన్ని దేనితో కొలిచారో చూడనిదే ఆ వాక్యానికి విలువ కట్టలేము.

ఇందుకు మన రాజధానిలోనే జరిగిన ఒక పాత ఉదాహరణ ఉన్నది. ఇల్లందులో బొగ్గు తవ్వడం మొదలైన 1889వ సంవత్సరంలోనే, అదే నిజాం రాజ్యంలో, హైదరాబాదు నగరంలో రెండవ క్లోరోఫారం కమిషన్ సమావేశమైనది. శస్త్రచికిత్సకు ముందు క్లోరోఫారం పీల్పించినప్పుడు అప్పుడప్పుడు రోగులు హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరియా, గుండెయా అన్నది వివాదం. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతి అయిన ఎడ్వర్డ్ లారీ ఊపిరే ముందు ఆగుతుందని నమ్మినవాడు. ఆయన 1888లో జరిపించిన మొదటి కమిషన్ కుక్కలపై ప్రయోగించి ఆ మాటనే చెప్పింది. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని ఒప్పుకొనలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం వేయి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను రప్పించింది. మత్తుమందు ఇచ్చిన తొలి మహిళలలో ఒకరుగా పేరుపొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ చదివినది కూడ ఈ వైద్య పాఠశాలలోనే.

రెండవ కమిషన్ కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు అన్నీ కలిపి నాలుగువందలకు పైగా జంతువులపై పరీక్షలు జరిపింది. ఊపిరి ఆగిన తరువాత కూడ గుండె కొంతసేపు కొట్టుకొనడం, వెంటనే కృత్రిమ శ్వాస కల్పిస్తే జంతువు తేరుకొనడం వారు కళ్ళారా చూశారు. క్లోరోఫారం నేరుగా గుండెను ఆపదని, ప్రమాదమంతా ఊపిరి ఆగడంలోనే ఉన్నదని తీర్పు చెప్పారు. లాన్సెట్ ప్రతినిధి కూడ లారీ పక్షానికే వచ్చాడు.

వారు చూసినది అబద్ధం కాదు. మందు అతిగా ఇచ్చిన జంతువులో ముందు ఆగేది ఊపిరే. కాని వివాదానికి కారణమైన రోగులలో చాలమంది మందు అతిగా పీల్చినవారు కారు. మత్తు ఇంకా సరిగా ఎక్కకముందే, భయంతో, అలజడితో ఉన్నప్పుడు కూలిపోయినవారు. ఆ దశను పరీక్షించినది హైదరాబాదు కమిషన్ కాదు, 1911లో లండనులో గుడ్‌మన్ లెవీ. కొద్ది క్లోరోఫారంతో తేలికపాటి మత్తులో ఉన్న పిల్లిలో, ఎడ్రినలిన్ ప్రభావం కలిసినప్పుడు, గుండె జఠరికలు లయ తప్పి గిలగిల కొట్టుకొని ఆగిపోవడం ఆయన చూపించాడు. నాలుగువందల జంతువులు ఇవ్వని జవాబు కొన్ని పిల్లులు ఇచ్చాయి. పరీక్షల సంఖ్యను చూసి మురిసిపోయే అలవాటు మన పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలో కూడ ఉన్నది కనుక ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చెప్పదగినది.

మరల ఊపిరితిత్తి సంగతికి వద్దాము. ఊపిరితిత్తికి నీరు పట్టించే పద్ధతులు పెక్కు. ఓలియిక్ ఆమ్లాన్ని సిరలోనికి ఎక్కిస్తే అది రక్తకేశనాళికల గోడలను పాడుచేస్తుంది. ఉదజహరికామ్లాన్ని, అనగా హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ను, శ్వాసనాళంలో పోస్తే కడుపులోని పులుసు ఊపిరితిత్తిలోనికి దిగిన రోగి స్థితి ఏర్పడుతుంది. మూడవది కడగడం: గోరువెచ్చని ఉప్పునీటిని ఊపిరితిత్తిలో పోసి, తీసి, మరల పోసి, వాయుగోణుల లోపలి సర్ఫాక్టెంట్ పొరను కడిగివేస్తారు. 1980లో లాక్మన్, ఆయన సహచరులు గినీ పందులలో ఇది చేశారు. సర్ఫాక్టెంట్ అనేది తలతన్యతను తగ్గించే పదార్థం. సబ్బునీటి బుడగ ఎంత చిన్నదైతే లోపలి పీడనం అంత ఎక్కువ అన్న సూత్రం విద్యార్థులు ఎరిగినదే. సర్ఫాక్టెంట్ లేకపోతే చిన్న వాయుగోణులు ముడుచుకొనిపోతాయి. చిత్రమేమంటే ఈ పదార్థం ఉనికికి ఒక ఆధారం నీరు పట్టిన ఊపిరితిత్తిలోనే దొరికినది. 1955లో ఇంగ్లండులో ప్యాటిల్, ఆ ఊపిరితిత్తి నురుగులోని బుడగలు ఎంతకీ పగలకపోవడం చూసి, వాటిపై ఏదో ప్రత్యేకమైన పొర ఉండాలని ఊహించాడు.

ఈ మూడింటిని ఒకే పేరుతో పిలవడం పొరపాటు. కడిగిన ఊపిరితిత్తి ముడుచుకొన్నదే గాని చెడినది కాదు. కొంచెం గట్టిగా ఊదితే తెరుచుకొంటుంది. మలేరియా రోగి ఊపిరితిత్తి, ఎర్రపొగ పీల్చిన కార్మికుని ఊపిరితిత్తి అలా కాదు. అక్కడ పొరకే గాయమైనది, వాపు ఉన్నది, గట్టిగా ఊదినా తెరుచుకొనని భాగాలు ఉన్నవి. ఈ భేదం పట్టించుకొనకపోవడంవలన కలిగిన నష్టాన్ని తరువాత చూస్తాము.

ఇక యంత్రమే జబ్బు తెచ్చిపెట్టిన కథ. ఇది కొత్తది కాదు. మునిగినవారిని బతికించడానికి యూరపులో కొలిమితిత్తులతో గాలి ఊదే ఆచారం ఉండేది. 1820లలో లెరోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు, తిత్తిని గట్టిగా నొక్కితే జంతువుల ఊపిరితిత్తులు చిట్లి చచ్చిపోతాయని చూపించగా ఆ ఆచారం క్షీణించింది. నూరేండ్లు దాటిన తరువాత విద్యుత్తుతో నడిచే యంత్రాలు వచ్చినప్పుడు లెరోయ్‌ని తలచుకొన్నవారు తక్కువ.

1974లో వెబ్, టియర్నీ అనే ఇద్దరు ఆరోగ్యమైన ఎలుకలను తీసుకొన్నారు. వాటికి ఏ జబ్బూ తెప్పించలేదు. కేవలం యంత్రంతో ఊపిరి పోశారు. 14 సెంటీమీటర్ల నీటి పీడనంతో గంటసేపు ఊదినా ఏమీ కాలేదు. 30 సెంటీమీటర్లకు రక్తనాళాల చుట్టు నీరు చేరింది. 45కు పెంచి, అడుగుపీడనం లేకుండా ఊదితే వాయుగోణులు నీటితో నిండి, గంట లోపుననే ఎలుకలు చనిపోయాయి. అదే 45 ఉంచి, అడుగుపీడనం 10 ఇస్తే వాయుగోణులలోనికి నీరు రాలేదు. ఈ సెంటీమీటర్లు ఏమిటో విద్యార్థులు సులభంగా తెలుసుకోవచ్చు: గాజుగొట్టాన్ని యు ఆకారంగా వంచి నీరు పోసి ఒక కొననుండి ఊదితే, రెండు కాళ్ళలోని నీటిమట్టాల తేడాయే ఆ పీడనం.

ఈ ప్రయోగం గొప్పది. కాని అందులో ఒక చిక్కు ఉన్నది. పై పీడనం 45లోనే ఉంచి అడుగున 10 మిగిల్చితే, ప్రతి ఊపిరికి లోపలికి పోయే గాలి తగ్గుతుంది. ఎలుకను కాపాడినది అడుగుపీడనమా, తగ్గిన గాలియా? రెండింటినీ ఒకేసారి మార్చితే జవాబు తేలదు. మరియొక సందేహం: చెరుపు చేసినది ఒత్తిడియా, సాగదీతయా? బాకా ఊదేవాని శ్వాసనాళంలో పీడనం నూరు సెంటీమీటర్లు దాటవచ్చు. అయినా బాకా ఊదేవారి ఊపిరితిత్తులలో నీరు చేరడం లేదు గదా.

ఈ రెండవ సందేహాన్ని ఫ్రాన్సులో డ్రేఫుస్, సోమోన్ మొదలైనవారు 1988లో తీర్చిన విధానం ముచ్చటైనది. ఒక గుంపు ఎలుకలకు రొమ్ము, పొట్ట చుట్టు పట్టీ బిగించి, 45 సెంటీమీటర్ల పీడనంతో ఊదారు. పీడనం ఎక్కువే కాని పట్టీవలన ఊపిరితిత్తి సాగలేకపోయింది, నీరు చేరలేదు. మరొక గుంపును ఇనుప ఊపిరితిత్తి వంటి పెట్టెలో ఉంచి, బయటి పీడనాన్ని తగ్గించి, రొమ్ము విస్తారంగా లేచేటట్లు చేశారు. శ్వాసనాళంలో పీడనం పెంచనేలేదు; అయినా నీరు చేరింది. ఇందువలన దోషం పీడనానిది కాదు, అతిగా సాగదీయడానిది అని తేలింది. తరగతిలో రబ్బరు బుడగను గట్టి గుడ్డసంచిలో ఉంచి ఊదిస్తే ఈ విషయం పిల్లలకు అర్థమవుతుంది: ఊదేవాని బుగ్గలు నొప్పి పుడతాయి గాని బుడగ రబ్బరు పలచబడదు. ఒక్క పట్టీముక్కతో ఇంత చిక్కుముడి విప్పిన ప్రయోగాలు వైద్యశాస్త్రంలో అరుదు.

అయితే ఎలుక నిమిషాలలో పొందిన చేటు పెద్ద జంతువులకు గంటలు, రోజులు పడుతుంది. 1987లో కొలొబోవ్ ఆరోగ్యమైన గొర్రెలకు 50 సెంటీమీటర్ల పీడనంతో ఊపిరి పోసినప్పుడు వాటి ఊపిరితిత్తులు పాడు కావడానికి రెండు రోజుల దాకా పట్టింది. ఎలుక గడియారాన్ని మనిషికి కట్టరాదు.

అడుగుపీడనం ఊపిరితిత్తిలోని నీటిని వెనుకకు నెట్టి రక్తంలో కలుపుతుందని చాలకాలం నమ్మారు. పీప్ పెట్టగానే రక్తంలో ఆమ్లజని పెరుగుతుంది; కనుక నీరు పోయి ఉంటుందని ఊహ. 1984లో మాలో, అలీ, వుడ్ అనేవారు నీరు పట్టిన కుక్కల ఊపిరితిత్తులను పరీక్షించి చూడగా మొత్తం నీరు తగ్గలేదు. వాయుగోణులలో ఉన్నది పక్క సందులలోనికి జరిగినది, అంతే. ఇంటిలో చేరిన వరదనీటిని పడకగదినుండి వసారాలోనికి నెట్టినట్లు. వసారాలోనికి నెట్టినా పడుకొనడానికి చోటు దొరికినది, సంతోషమే. ఇల్లు ఆరినదని మాత్రం అనరాదు.

ఆమ్లజని అంకె మీద మోజు ఇక్కడితో ఆగలేదు. అమెరికాలో జరిగి 2000లో ప్రచురితమైన పరీక్షలో 861 మంది రోగులను రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి ఊపిరికి కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి, మరొక వర్గానికి 6 మిల్లీలీటర్లు. ఇక్కడ కిలో అంటే తూకం వేసిన బరువు కాదు, ఎత్తునుబట్టి లెక్కకట్టిన బరువు. మనిషి లావైనంత మాత్రాన ఊపిరితిత్తి పెద్దది కాదు. పురుషునికి సూత్రం: సెంటీమీటర్లలో ఎత్తునుండి 152.4 తీసివేసి, 0.91తో హెచ్చవేసి, 50 కలపాలి. 163 సెంటీమీటర్ల ఎత్తున్న గని కార్మికునికి ఇది 59.6 కిలోలు. ఒక పద్ధతిలో అతనికి ఊపిరికి 716 మిల్లీలీటర్లు, రెండవదానిలో 358. 12 మిల్లీలీటర్లవారిలో 39.8 శాతం, 6 మిల్లీలీటర్లవారిలో 31.0 శాతం మరణించారు. తేడా స్పష్టం కాగానే పరీక్షను ముందుగానే ఆపివేశారు.

కారణం ఊహించడం కష్టం కాదు. నీరు పట్టిన ఊపిరితిత్తిలో గాలి పోగల భాగం చిన్నపిల్లవాని ఊపిరితిత్తి అంతే మిగిలి ఉంటుందని ఇటలీలో గట్టినోని 1980లలో స్కానింగు చిత్రాలతో చూపించాడు. పెద్దవానికి సరిపడే గాలినంతా ఆ చిన్న భాగంలోనికి నెట్టితే వెబ్, టియర్నీల ఎలుకకు జరిగినదే జరుగుతుంది. కాని గమనింపదగిన సంగతి మరొకటి ఉన్నది. మొదటి రోజున ఆమ్లజని బాగా ఉన్నది ఎక్కువ గాలి పొందినవారికే! మొదటిరోజు అంకెను చూసి తీర్పు చెప్పి ఉంటే ఎక్కువమందిని చంపే పద్ధతియే గెలిచి ఉండేది.

కడిగిన ఊపిరితిత్తి సంగతి ఇప్పుడు చెప్పాలి. అటువంటి జంతువులలో ఊపిరితిత్తిని ఒక్కసారి గట్టిగా ఊది తెరిచి, పెద్ద అడుగుపీడనంతో తెరిచియే ఉంచితే ఆమ్లజని అద్భుతంగా పెరుగుతుంది. 1992లో లాక్మన్ ఈ విధానాన్ని డాక్టర్లకు బోధించాడు. పలుదేశాలలో జరిపి 2017లో ప్రకటించిన పరీక్షలో రోగులకు అదేవిధంగా చేయగా ఆమ్లజని పెరిగినది. 28 రోజులలో మరణాలు కూడ పెరిగినవి: 49.3 శాతానికి బదులు 55.3 శాతం. అంతకుముందు 2013లో, అతిచిన్న ఊపిరులను అతివేగంగా కొట్టే యంత్రానికీ ఇటువంటి గతియే పట్టింది. కుందేళ్ళలో అది ఎంతో మెరుగనిపించింది. పెద్దవయసు రోగులలో చూస్తే ఆ యంత్రం పెట్టినవారిలో 47 శాతం, మామూలు యంత్రం వారిలో 35 శాతం ఆసుపత్రిలో మరణించారు. యంత్రానికి లొంగని ఆమ్లజని లోపం మాత్రం కొత్త యంత్రం వారిలోనే తక్కువ.

ఈ ప్రయోగాలలోని జంతువులు చాలవరకు చిన్న వయసువి, మరే జబ్బూ లేనివి, కొన్ని గంటలు మాత్రమే యంత్రంపై ఉండి, ఆ తరువాత ప్రాణం తీయబడినవి. వాటిలో చావుబతుకుల లెక్క తీయడానికి వీలుండదు. కనుక కొలవగలిగినదానిని, అనగా ఆమ్లజనిని, కొలిచారు. మన దేశంలో జంతుహింసా నివారణ చట్టం 1960లో వచ్చినది. ప్రయోగాలపై పర్యవేక్షణ కూడ ఉన్నది. జంతువు బాధను తగ్గించడం ఎంత అవసరమో, దాని ప్రాణం ఖర్చుచేసి అడిగే ప్రశ్న సరియైనదై ఉండడం అంతే అవసరమని నా అభిప్రాయం. తప్పు ప్రశ్నకు బలి అయిన కుక్కకు ఏ చట్టమూ న్యాయం చేయలేదు.

రోగిని బోర్లా పడుకోబెట్టే పద్ధతి చరిత్రలో ఈ విషయమంతా ఒకేచోట కనబడుతుంది. 1987లో ఆల్బర్ట్ అనే అమెరికా వైద్యుడు, సహచరులతో కలిసి, ఓలియిక్ ఆమ్లంతో నీరు పట్టిన కుక్కలను బోర్లా తిప్పితే రక్తంలో ఆమ్లజని మెరుగవుతుందని చూపించాడు. ఫ్రాన్సు, స్పెయిన్ దేశాలలో జరిగి 2013లో వెలువడిన పరీక్షలో 466 మంది రోగులలో, రోజుకు పదహారు గంటలు బోర్లా ఉంచినవారిలో 16.0 శాతం, వెల్లకిల ఉన్నవారిలో 32.8 శాతం 28 రోజులలో మరణించారు. కోవిడ్ కాలంలో మన ఆసుపత్రులలో కూడ రోగులను బోర్లా పడుకోబెట్టినది ఇందుచేతనే. ఆమ్లజని పెరిగినందువలననే వారు బతికినారని అందరు అనుకొన్నారు. 2014లో అదే ఆల్బర్ట్, మరికొందరు ఆ రోగుల లెక్కలను విడదీసి చూడగా, బోర్లా తిప్పినప్పుడు ఆమ్లజని పెరిగినవారికీ పెరగనివారికీ బతికే అవకాశంలో తేడా కనబడలేదు. దీనికి వివరణ దొరికేది బ్రొకార్డ్ మొదలైనవారు 2000లో ప్రచురించిన మరొక కుక్కల ప్రయోగంలో. అందులో వారు ఊపిరితిత్తుల బరువును, కణజాలంలోని గాయాన్ని కొలిచారు. యంత్రం చేసిన గాయం బోర్లా ఉంచిన కుక్కలలో తక్కువగా ఉన్నది.